రైడ్ ఆగిన మర్నాటి సంగతి

భారత అమ్యూజ్‌మెంట్ పార్కులు, పరిశ్రమల సంఘం (ఐఏఏపీఐ) అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్య పార్కుల యజమానులకు బహిరంగ లేఖ





కొత్త రైడ్ వచ్చినప్పుడు మీరు ఊరంతా చాటుతారు. ఎత్తెంతో, వేగమెంతో, ఏ దేశం నుంచి తెప్పించారో హోర్డింగుల మీద రాయిస్తారు. అదే రైడ్ ఆగిపోయినప్పుడు మాత్రం 'మరమ్మతులో ఉంది' అని ఒక రేకు తగిలించి గేటుకు గొలుసు కడతారు. ఆ రేకు ఒక సెలవుల సీజనంతా ఉంటుంది, రెండో సీజనూ ఉంటుంది. ఆ తర్వాత వెళ్తే అక్కడ ఫుడ్ కోర్టు కనబడుతుంది. ఆ యంత్రం ఏమైంది? ఎవరు కొన్నారు? ఇప్పుడు ఏ ఊళ్లో ఎవరి పిల్లలు దాని మీద కూర్చుంటున్నారు? టికెట్ కౌంటర్లో అడిగితే తెలియదంటారు. వాళ్లకు నిజంగానే తెలియదు.

మూసే హక్కు మీకు లేదని నేననడం లేదు. విడిభాగాలు చేసే కంపెనీ మూతపడుతుంది, బీమా ఖర్చు పెరుగుతుంది, జనం కొత్తది కావాలంటారు, రైడ్ తెచ్చే డబ్బు కంటే అది నిలబడ్డ నేల ధర ఎక్కువవుతుంది. అన్నీ సబబైన కారణాలే. మూసిన తర్వాత చేయాల్సిన పనికి ఒక పద్ధతి ఉండాలనీ, ఆ పద్ధతిని మీ సంఘమే పెట్టాలనీ అడగడానికే ఇది రాస్తున్నాను.

ఆగిన రైడ్‌లో ముందు పోయేవి చక్రాలు. కోస్టర్ బండికి పట్టా మీద నడిచేవి, పక్క నుంచి ఒరుసుకునేవి, కింద నుంచి పట్టి ఉంచేవి అని మూడు రకాల చక్రాలుంటాయి. అవి ఇంకో పార్కుకు పనికొస్తాయి. తర్వాత మోటార్లు, గేర్‌బాక్సులు, కంట్రోల్ ప్యానెల్ పోతాయి. ఇక మిగిలిన ఇనుమును, వచ్చిందే లాభం అన్నట్టు, గ్యాస్ కటింగ్‌తో లారీకి పట్టే ముక్కలుగా కోయించి తూకానికి వేస్తారు. చివరికి ఎవరికీ అక్కర్లేకుండా మిగిలేవి ఫైబర్‌గ్లాసు బొమ్మలు. ఏనుగులు, డ్రాగన్లు, టీ కప్పులు, పడవలు. అవి ఇనుములా కరగవు, వాటిని కాల్చకూడదు, కొనేవాడు ఉండడు. వెనక ప్రహరీ పక్కన బోర్లా పడి ఉంటాయి. రంగు వెలిసి, లోపలి గాజు పీచు పైకి తేలి, చెయ్యి తగిలితే చాలు దురద పెడుతుంది.

వీటన్నిటికంటే ముందే, ఎవరి కంటా పడకుండా పోయేది ఇంకొకటుంది. అది కాగితాల కట్ట. తయారీదారు ఇచ్చిన డ్రాయింగులు, మాన్యువల్, ఏ ఏడాది ఏ ఇరుసు మార్చారో మెకానిక్ రాసుకున్న రిజిస్టరు, వెల్డింగు పరీక్షల నివేదికలు. ఆఫీసు ఖాళీ చేసే రోజున అవి చిత్తు కాగితాల్లో కలిసిపోతాయి. ఈ లేఖ ముఖ్యంగా ఆ కట్ట కోసం.

దాని విలువేమిటో చెప్పడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అమెరికాలో ఉంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ప్లేలాండ్ పార్కు అని ఉండేది. 1947లో అక్కడ 'రాకెట్' అనే చెక్క కోస్టర్ కట్టారు. 1980లో పార్కు మూతపడింది. కోస్టర్ అక్కడే ఎండకు ఎండి, వానకు తడిసి నిలబడిపోయింది. దూరాన పెన్సిల్వేనియాలో, ఎలిస్‌బర్గ్ దగ్గర కనోబెల్స్ అనే పార్కు ఉంది. 1926 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న పార్కు. లోపలికి పోవడానికి టికెట్ లేదు, ఎక్కిన రైడ్‌కు మాత్రమే డబ్బు. ఆ కుటుంబం రాకెట్‌ను కొంటామంది. కొన్నారు కానీ డ్రాయింగులు లేవు.

చెక్క కోస్టర్‌కు డ్రాయింగు లేకపోతే ఎంత కష్టమో కొంచెం వివరించాలి. అది వేల చెక్కలతో అల్లిన కట్టడం. నేల ఎత్తుపల్లాలను బట్టి వడ్రంగులు చాలా చెక్కలను అక్కడికక్కడే కొలిచి, కోసి, బోల్టు రంధ్రం వేసి బిగిస్తారు. చూపుకు ఒకే పొడవున్న రెండు చెక్కలకు రంధ్రాలు ఒకే చోట ఉండవు. కుప్పగా పోసి లారీకెక్కిస్తే అది ఇక కలప కిందే లెక్క, తిరిగి కోస్టర్ కాదు. అందుకని చార్లెస్ డిన్ నాయకత్వంలో పనివాళ్లు విప్పే ముందే చెక్క చెక్కకూ అంకె వేశారు. ఏ స్తంభానిది, ఏ వరుసది, ఎటువైపుది అన్నది ఆ అంకెలోనే ఉంటుంది. రెండు వేల కిలోమీటర్లకు పైబడిన దారి లారీల మీద దాటించి, అంకెల ప్రకారమే మళ్లీ నిలబెట్టారు. 1985 జూన్‌లో అది 'ఫీనిక్స్' పేరుతో తిరిగి పరుగు మొదలుపెట్టింది. ఎత్తు 78 అడుగులే. దానికంటే ఎత్తయినవి, వేగమైనవి ఆ దేశం నిండా ఉన్నాయి. అయినా 2018, 2019 సంవత్సరాల్లో ఆ రంగంలో పేరున్న గోల్డెన్ టికెట్ అవార్డుల్లో ప్రపంచంలోని చెక్క కోస్టర్లన్నిటిలోకీ మొదటి స్థానం దానికే దక్కింది. మూసేసిన పార్కులో అయిదేళ్లు పడి ఉన్న యంత్రం అది.

అదే కనోబెల్స్‌లో ఇంకో కోస్టర్ ఉంది, పేరు 'ట్విస్టర్'. డెన్వర్‌లోని ఎలిచ్ గార్డెన్స్‌లో 1964 నుంచి నడిచిన 'మిస్టర్ ట్విస్టర్' దాని పెద్దన్న. ఆ పాత పార్కు 1994లో మూతపడి, ఊళ్లోనే వేరే చోటికి మారినప్పుడు కోస్టర్ వెనకే ఉండిపోయింది. దాన్నీ తెచ్చుకోవాలని కనోబెల్స్ వాళ్లు చూశారు. తేవడం కుదరదని తేలింది. అయితే ఈసారి జాన్ ఆలెన్ గీసిన అసలు డ్రాయింగులున్నాయి. వాటిని ముందు పెట్టుకుని, తమ స్థలం చిన్నది కాబట్టి అందుకు తగ్గట్టు మార్చుకుని, 1999లో కొత్త చెక్కతో కట్టారు. ఒక కోస్టర్‌కు చెక్క దొరికింది, కాగితం దొరకలేదు. ఇంకో దానికి కాగితం దొరికింది, చెక్క దొరకలేదు. రెండింటినీ ఒకే కుటుంబం మళ్లీ నడిపించింది. మీలో ఎవరైనా అమెరికా వెళ్తే ఎత్తయిన కోస్టర్ల ముందు ఫొటో దిగడంతో ఆపకుండా ఎలిస్‌బర్గ్ దాకా వెళ్లండి. మన పార్కులు నేర్చుకోవాల్సింది అక్కడే ఎక్కువ ఉంది.

ఎత్తయినదాని కథ కూడా చెబుతాను, ఎందుకంటే అది మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన చోటే జరిగింది. న్యూజెర్సీలో ఎడిసన్, మన్రో చుట్టుపక్కల ఉండే మన కుటుంబాలకు జాక్సన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ కారు దూరం. అక్కడి 'కింగ్డా కా' 456 అడుగుల ఎత్తు, మూడున్నర సెకన్లలో గంటకు 128 మైళ్ల వేగం. 2005లో తెరిచినప్పుడు లోకంలో దాన్ని మించింది లేదు. 2024 నవంబరు 10న అది చివరిసారి నడిచింది. అదే చివరి రోజని ఆ రోజు క్యూలో నిలబడ్డవాళ్లకు తెలియదు. నాలుగు రోజుల తర్వాత, నవంబరు 14న ప్రకటన వచ్చింది. 2025 ఫిబ్రవరి 28 ఉదయం పేలుడు పదార్థాలు పెట్టి ఆ గోపురాన్ని కూల్చారు.

ఒహాయోలో సీడర్ పాయింట్ అనే పార్కులో దానికి అక్కలాంటి రైడ్ ఒకటుంది. అదే స్విట్జర్లాండ్ కంపెనీ ఇంటమిన్ చేసింది, 2003 నాటిది, 420 అడుగులు. 2021లో ప్రమాదం జరిగి ఆగిపోయింది. దాన్ని కూల్చలేదు. పాత గోపురాన్ని ఉంచి, హైడ్రాలిక్ పద్ధతిని తీసేసి, అయస్కాంత శక్తితో నెట్టే ఏర్పాటు పెట్టి, రెండో గోపురం చేర్చి 2024లో తిరిగి తెరిచారు. కొత్తలో మళ్లీ ఆగింది, చాలా ఇబ్బంది పడ్డారు, అయినా వదల్లేదు. 2024 జూలై నుంచి ఈ రెండు పార్కులూ ఒకే కంపెనీవి. ఒకే ఇంట్లో ఒకదానికి కొత్త యంత్రం, ఇంకోదానికి పేలుడు మందు. లెక్కలు వేసుకునే చేసి ఉంటారు, అందులో తప్పు పట్టను. కానీ ఇరవై ఏళ్లు నడిచిన యంత్రానికి చివరి రోజు ఏదో జనానికి ముందుగా చెబితే ఖర్చేముంది? ఆ వారం టికెట్లు ఇంకా ఎక్కువే అమ్ముడయ్యేవి.

అసలు ఏ నిర్ణయమూ తీసుకోకపోవడం వీటన్నిటికంటే చెడ్డది. న్యూ ఆర్లీన్స్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ పార్కు 2005 ఆగస్టు చివర కత్రినా తుపాను వరదలో మునిగింది, మళ్లీ తెరవలేదు. అక్కడి బ్యాట్‌మ్యాన్ కోస్టర్‌ను విప్పి శాన్ ఆంటోనియోలోని ఇంకో పార్కుకు తీసుకుపోయి 2008లో 'గోలియాత్' పేరుతో నడిపించారు. మిగిలినవాటిలో చాలావరకు తుప్పు పట్టి, తీగలు అల్లుకుని, లోపలికి దొంగతనంగా దూరే కుర్రాళ్లకు ప్రాణాపాయంగా 2024లో కూల్చివేత మొదలయ్యేదాకా నిలబడ్డాయి. ఒకే వరద, ఒకే పార్కు. ఒక యంత్రం మూడేళ్లలో పిల్లల్ని ఎక్కించుకుంది, పక్కది పంతొమ్మిదేళ్లు ఎండింది. కాగితాలు, కొనేవాడు, సమయానికి తీసుకున్న నిర్ణయం ఉన్నచోటికీ లేనిచోటికీ అంత తేడా.

ఇక్కడ భద్రత మాట చెప్పాలి, నా ఆందోళన అంతా అక్కడే ఉంది. ఇనుము ఒకే చోట వేలసార్లు వంగి, తిరిగి నిలిస్తే అలసిపోతుంది. వెల్డింగు అంచున వెంట్రుక కంటే సన్నని పగులు పుడుతుంది. అది కంటికి కనబడదు. పైన కొత్త పెయింటు పడితే అసలే కనబడదు. అయస్కాంతపు పొడి చల్లి చూడాలి, అల్ట్రాసౌండ్ పెట్టి చూడాలి. చూసేవాడికి ఎక్కడ చూడాలో ఎవరు చెప్పాలి? పాత రిజిస్టరే చెప్పాలి. ఫలానా చేతిలో ఫలానా కీలు దగ్గర ఒకసారి పగులు వచ్చింది, అక్కడ అతుకు వేశాం, ఏడాదికోసారి చూసుకోండి అని అందులో రాసి ఉంటుంది. రైడ్‌ను అమ్మి రిజిస్టరును చిత్తుకాగితాలకు వేసినవాడు, కొన్నవాడికి యంత్రాన్నిచ్చి దాని జబ్బును దాచాడన్నమాట. తెలిసి చేసినా తెలియక చేసినా, తొట్టెలో కూర్చున్న పిల్లకు వచ్చే ఆపద ఒకటే.

జర్మనీలో ఊరూరా తిరిగే పెద్ద రైడ్లకు ఒక పరీక్షల పుస్తకం ఉంటుంది. యంత్రం ఎక్కడికి పోతే అదీ అక్కడికి పోతుంది. అనుమతులు, తనిఖీలు, లోపాలు అన్నీ అందులోకి ఎక్కుతాయి. యజమాని మారినా పుస్తకం మారదు. మనకు ఇలాంటిది పెట్టుకోవడానికి పెద్ద సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు, పెట్టుబడీ అక్కర్లేదు.

ఇంత చెప్పి మన దేశంలో ఈ విద్య లేదని అంటే అది అబద్ధం. హైదరాబాదులో నుమాయిష్ ముగిశాక, ఫిబ్రవరి మధ్యలో, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి ఒకసారి వెళ్లి చూడండి. దీపాలు ఆరిపోయి, దుకాణాల రేకులు ఊడదీసిన ఆ రోజుల్లో జెయింట్ వీల్ విప్పుతుంటారు. నేను నిలబడి చాలాసేపు చూశాను. ముందు తొట్టెలు దించుతారు. ఒక పక్కది దించాక దానికి ఎదురుగా ఉన్నదాన్ని దించుతారు, లేకపోతే బరువు ఒకవైపే పడి చక్రం దానంతటది తిరుగుతుంది. తర్వాత ఆకులు. ఒక్కొక్క ఆకు మొదట్లో ఎర్ర పెయింటుతో అంకె ఉంటుంది, అది బిగిసే చోటా అదే అంకె ఉంటుంది. పిన్నును సుత్తితో తట్టి బయటికి లాగి, నూనె గుడ్డతో తుడిచి, మళ్లీ అదే రంధ్రంలోకి దూర్చి పెడుతున్నాడొక కుర్రాడు, పిన్నులు కలిసిపోకుండా. గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఆ పనికి మేస్త్రీ. ఇన్ని ముక్కలు ఎలా గుర్తుంటాయండీ అని అడిగాను. "గుర్తెందుకండీ, అంకె ఉంది గదా" అన్నాడు.

టెక్సస్ చెక్కల మీదా నాంపల్లి ఇనుము మీదా ఉన్నది ఒకే విద్య. 1938లో మొదలైన నుమాయిష్ చుట్టూ, మన తిరునాళ్ల చుట్టూ, జాతరల చుట్టూ తిరిగే ఈ మనుషులకు యంత్రాన్ని చెడకుండా విప్పడం, పోగొట్టకుండా మోయడం, మళ్లీ నిలబెట్టడం చేతి అలవాటుగా వచ్చు. పెద్ద పార్కుల ఇంజనీర్లకు నడపడం తెలుసు, విప్పడం అంతగా తెలియదు. మీరు రైడ్ మూసేటప్పుడు మొదటి ఫోను గ్యాస్ కటింగ్ కాంట్రాక్టరుకు వెళ్తుంది. ఆ ఫోను ఇలాంటి మేస్త్రీకి వెళ్తే, తుక్కుకు పోవాల్సిన దాంట్లో ఎంత భాగం బతుకుతుందో ఆయన చూసి చెబుతాడు.

అయితే తిరునాళ్ల రైడ్లకు ఒక బలహీనత కూడా ఉంది. అంకెలున్నాయి, పుస్తకం లేదు. ఆ మేస్త్రీకి తెలిసినదంతా ఆయన తలలో ఉంది. పార్కుల దగ్గర పుస్తకం ఉంది, పార్కు మూసిన రోజున అది పోతుంది. మీ సంఘం ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టగలదు. వేరే ఎవరికీ అది సాధ్యమని నాకు అనిపించదు.

అందుకే అడుగుతున్నాను. సభ్య పార్కు ఏదైనా పెద్ద రైడ్‌ను శాశ్వతంగా ఆపుతుంటే చివరి రోజును కనీసం నెల ముందు ప్రకటించాలనే నియమం పెట్టండి. రైడ్ అమ్మినప్పుడు దాని కాగితాలు కూడా వెంట వెళ్లాలి. ఒక నకలు మీ సంఘం దగ్గర ఉండాలి. స్కాన్ చేసి దాచడానికి ఒక గది, ఇద్దరు మనుషులు చాలు. కాగితాలు లేని యంత్రాన్ని ముక్కలుగా తుక్కుకు వేయవచ్చు గానీ, నడిపే రైడ్‌గా అమ్మకూడదు. ఇందులో నేను పట్టుబట్టేది ఈ చివరి మాట మీదే. మిగతావాటిలో సర్దుబాటు ఉండవచ్చు.

ఒక బండిని, ఒక గుర్రాన్ని, ఒక బొమ్మను దాచమని కూడా కోరతాను. అమెరికాలో టెక్సస్‌లోని ప్లెయిన్‌వ్యూలో రోలర్ కోస్టర్ల కోసమే ఒక మ్యూజియం, పత్రాలయం ఉన్నాయి. మూసేసిన రైడ్ల బండ్లు అక్కడికి చేరుతున్నాయి. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన దగ్గర నదీ తీరాన తిరుగుతున్న రంగులరాట్నం 1922 నాటిది. ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో ఐడోరా పార్కు 1984లో అగ్నిప్రమాదం తర్వాత మూతపడితే, వేలంలో గుర్రాలు విడివిడిగా చెల్లాచెదురు కాకుండా జేన్ వాలెంటాస్, ఆమె భర్త మొత్తంగా కొన్నారు. ఆ గుర్రాల మీద పేరుకున్న పాత రంగు పొరల్ని ఆమె చిన్న కత్తితో, ఏళ్ల తరబడి, తన చేత్తో గీకి తీసింది. కింద ఉన్న తొలి రంగు బయటపడేదాకా. 2011లో అది జనానికి తెరుచుకుంది. మన దగ్గర అంత డబ్బున్న ఒక్క మనిషి దొరకకపోవచ్చు. ఒక్క ఫైబర్‌గ్లాసు ఏనుగును నీడ పట్టున పెట్టడానికి అంత డబ్బు అక్కర్లేదు.

ఏనుగు అన్నాను కాబట్టి అప్పూ ఘర్ సంగతి చెప్పక తప్పదు. ఢిల్లీలో 1982 ఆసియా క్రీడల చిహ్నం అప్పు అనే ఏనుగు పిల్ల. దాని పేరుతో ప్రగతి మైదాన్‌లో 1984 నవంబరు 19న తెరిచిన పార్కు దేశంలో మొదటి అమ్యూజ్‌మెంట్ పార్కుగా పేరు పొందింది. ఢిల్లీకి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎర్రకోట, కుతుబ్ మినార్ చూశాక పిల్లలు మారాం చేస్తే వెళ్లిన చోటు అదే. 2008 ఫిబ్రవరిలో మూసేశారు. ఆ నేల సుప్రీంకోర్టు విస్తరణకు వెళ్లింది. 2019లో అక్కడ కొత్త భవన సముదాయం ప్రారంభమైంది. న్యాయస్థానానికి చోటు కావాలి, దాని గురించి ఫిర్యాదు లేదు. తర్వాత 1989 నాటి ముంబయి ఎస్సెల్‌వరల్డ్ కూడా తలుపులు మూసింది. మన దేశంలో పార్కుల తొలి తరం ఇలా మన కళ్లముందే వెళ్లిపోతోంది. రెండో తరం పార్కుల్లో ఇప్పుడు నడుస్తున్న రైడ్లలో కొన్నింటికి వచ్చే పదేళ్లలో ఆ గొలుసూ ఆ రేకూ తగులుతాయి.

మీరు ఏటా ముంబయిలో పరిశ్రమ ప్రదర్శన పెడతారు. యంత్రాలు అమ్మేవాళ్లు దేశదేశాల నుంచి వస్తారు. వచ్చే ప్రదర్శనలో ఒక్క బల్ల పాత రైడ్లకు కేటాయించండి. దాని మీద స్కానర్ పెట్టండి, పక్కన రెండు కుర్చీలు వేయండి. పార్కుల నుంచి రిటైరయిన మెకానిక్కుల్ని దారి ఖర్చులిచ్చి పిలిపించండి. ఏ డ్రాయింగు ఎవరింట్లో అటక మీద ఉందో, ఏ బండి ఏ ఊరి తిరునాళ్లలో తిరుగుతోందో, దాని ఏ కీలు నమ్మకూడదో వాళ్లకే తెలుసు. 1984లో పాతికేళ్ల వయసులో అప్పూ ఘర్‌లో పనికి చేరినవాళ్లకు ఇప్పుడు అరవై అయిదు దాటి ఉంటాయి. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి, కాగితాల గది సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ రైడ్లెక్కి పెరిగిన ఒక హైదరాబాదు వాసి